వాన నీటిని నేలలోనే దాచుకోవడం: వర్షం లేని వేసవి తోటకు సమగ్ర మార్గదర్శి

నూరు చదరపు మీటర్ల తోటలో ఒక మీటరు లోతు దాకా ఉన్న గరప నేల (ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసిన నేల) బాగా నానినప్పుడు, మొక్కలు పీల్చుకోగల నీటిని సుమారు 15,000 లీటర్ల దాకా తనలో పట్టి ఉంచుకుంటుంది. అంత నీరు పట్టే ట్యాంకు పెట్టాలంటే చోటూ ఖర్చూ రెండూ కావాలి, కానీ నేలకు ఆ సామర్థ్యం ముందే ఉంది. వాన నీటిని కాపాడుకోవాలి అనగానే చాలామంది మొదట ట్యాంకు కొనడం గురించి ఆలోచిస్తారు. నా దృష్టిలో ఆ వరుస తలకిందులైనది. ముందు నేలను నింపాలి, ఆ తరువాత నేలలోని తేమ ఆవిరైపోకుండా కప్పాలి, చివరికి మిగిలిన అవసరానికే ట్యాంకు వైపు చూడాలి. ఈ మార్గదర్శిలోని పనుల ప్రాధాన్యం అదే, అయితే నేలను కప్పడం ఆఖరి వాన తరువాతి పని కనుక ట్యాంకు సంగతి దానికి ముందే చెబుతాను.

మొదటి అడుగు: వాన కురుస్తుండగా నేలను చూడటం

జోరుగా వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని స్థలమంతా ఒకసారి తిరిగి రావడం కన్నా మంచి సర్వే లేదు. నీరు ఎక్కడ నుంచి మీ స్థలంలోకి వస్తోంది, ఎక్కడ వేగం అందుకుంటోంది, ఎక్కడ మట్టిని కోస్తోంది, ఎక్కడ నిలుస్తోంది, ఏ మూల నుంచి బయటకు పోతోంది అన్నవి కాగితం మీద గీసుకోవాలి. ఇంటి చూరు నుంచి, నడక దారి నుంచి, గట్టిపడిన వాకిలి నుంచి జారే నీటిని కూడా ఆ పటంలో చూపాలి, ఎందుకంటే తోటకు దొరికే అదనపు నీరంతా అలాంటి ఇంకని చోట్ల నుంచే వస్తుంది. నీరు బురద రంగులో ఉంటే అది మీ పైమట్టిని మోసుకుపోతున్నట్టే లెక్క.

వాన లేని రోజున ఇదే పటం పట్టుకుని వెళ్తే వాలు ఎటు ఉందో కంటికి సులభంగా అందుతుంది. అయినా కంటి అంచనాతో తవ్వకం మొదలుపెట్టవద్దు. కంటికి సమంగా కనిపించిన నేల మీద నేను తవ్విన మొదటి కందకం ఒక కొస వైపు అరజానెడు వంగి ఉందని తొలి పెద్దవానకు గాని తెలియలేదు. నీరంతా ఆ కొసకు చేరి గట్టును తెంచుకుని పోయింది.

రెండో అడుగు: నేల ఎంత వేగంగా తాగుతుందో తెలుసుకోవడం

ముందుగా మట్టి స్వభావం చూడాలి. తోటలో నాలుగైదు చోట్ల, ఒక జానెడు లోతు నుంచి మట్టి తీసి, గడ్డలు చిదిపి, పొడవాటి గాజు సీసాలో మూడో వంతు దాకా పోసి, నీటితో నింపి, గట్టిగా కుదిపి కదలకుండా పెట్టాలి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటలు తీసుకుంటుంది, బంకమట్టి తేరుకోవడానికి ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. పొరల మందాన్ని కొలిస్తే మీ నేలలో ఏది ఎంత ఉందో ఇంచుమించుగా తెలుస్తుంది.

తరువాత ఇంకే వేగాన్ని కొలవాలి. 30 సెంటీమీటర్ల లోతున గుంత తీసి, ఒకసారి నీటితో నింపి పూర్తిగా ఇంకనిచ్చి, మళ్లీ నింపి, ఈ రెండోసారి గంటకు ఎంత మట్టం దిగుతోందో కర్రతో చూడాలి. మొదటిసారి ఎండిన నేల ఆత్రంగా తాగేస్తుంది కనుక ఆ కొలతను నమ్మకూడదు. గుంతలో నీరు పక్కలకు కూడా ఇంకుతుంది కాబట్టి ఈ కొలత నేల ఉపరితలం తాగే వేగం కన్నా ఎక్కువగానే కనిపిస్తుంది. ఒక చోటితో మరో చోటిని పోల్చుకోవడానికి మాత్రం ఇది చాలు.

సాధారణంగా ఇసుక నేల పైనుంచి గంటకు 30 మి.మీ. కన్నా ఎక్కువ నీటిని లోపలికి తీసుకుంటుంది, గరప నేల 10 నుంచి 20 మి.మీ. దాకా తీసుకుంటుంది, బంక నేల 1 నుంచి 5 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. గంటకు 40 మి.మీ. చొప్పున కురిసే వాన బంక నేల మీద పడితే అందులో అధికభాగం జారిపోవడం తప్పదని ఈ అంకెలే చెబుతున్నాయి. అలాంటి నేలలో నీటిని ఎక్కువసేపు నిలబెట్టాలి. ఇసుక నేలలో సమస్య వేరు. అక్కడ నీరు ఇంకడానికి ఇబ్బంది లేదు, కానీ మీటరు లోతు దాకా మొక్కకు అందేలా నిలిచేది గరప నేలలో సగమో, అంతకన్నా తక్కువో ఉంటుంది.

మూడో అడుగు: లెక్క

ఇది చిన్న లెక్కే. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు నీరు. నూరు చదరపు మీటర్ల పైకప్పు మీద 20 మి.మీ. వాన కురిస్తే 2,000 లీటర్లు, అందులో తడికీ ఆవిరికీ చిందడానికీ పోగా 1,600 నుంచి 1,800 లీటర్లు చేతికి వస్తాయి. ఇక ఖర్చు వైపు చూస్తే, మండు వేసవిలో మొక్కలతో నిండిన తోట నుంచి రోజుకు 5 మి.మీ. నీరు గాలిలో కలవడం మామూలే, అంటే నూరు చదరపు మీటర్లకు రోజుకు 500 లీటర్లు. ఈ లెక్కన 5,000 లీటర్ల ట్యాంకు పది రోజుల్లో ఖాళీ అవుతుంది. ట్యాంకు మీదే ఆధారపడి పెద్ద తోట పెంచాలనుకునేవారు ఈ ఒక్క అంకెను కొనకముందే చూసుకోవాలి.

నాలుగో అడుగు: సమమట్టపు గీతలు వేయడం

వాలుకు అడ్డంగా, ఎత్తు ఎక్కడా మారకుండా సాగే గీతను కాంటూరు రేఖ అంటారు. దాని మీద తవ్విన కందకంలో నీరు పరుగెత్తదు, నిలిచి ఇంకుతుంది. ఈ గీత వేయడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. రెండు మీటర్ల పొడవున్న రెండు కర్రలను పైన కలిపి కట్టి, కాళ్లు విడదీసి, నడుమ అడ్డకర్ర బిగించి, కొస నుంచి దారానికి ఒక రాయి వేలాడదీస్తే మట్టం చూసే చట్రం తయారవుతుంది. చట్రాన్ని రెండు గుర్తుల మీద నిలబెట్టి దారం అడ్డకర్రను తాకిన చోట గీత గీయాలి, తరువాత కాళ్లను అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలిపి మరో గీత గీయాలి. ఆ రెండు గీతల సరిగ్గా నడిమి బిందువే సమమట్టం. ఇకపై ఒక కాలిని కదపకుండా ఉంచి, రెండో కాలిని దారం ఆ బిందువు మీదకు వచ్చేదాకా పైకీ కిందికీ జరుపుతూ, ప్రతి అడుగుకూ ఒక మేకు పాతుకుంటూ పోతే నేల మీద కాంటూరు రేఖ కనిపిస్తుంది. నీరు నింపిన పారదర్శకమైన గొట్టంతోనూ ఇదే పని చేయవచ్చు, కానీ దానికి ఇద్దరు మనుషులు కావాలి, గొట్టంలో గాలి బుడగ ఒక్కటీ ఉండకూడదు. గాలి వీచే రోజున దారపు చట్రంతో పని పెట్టుకోవద్దు.

ఐదో అడుగు: కందకం, గట్టు, అలుగు

కందకం పరిమాణాన్ని లెక్కతోనే తేల్చాలి. ఎగువన నూరు చదరపు మీటర్ల నేల ఉందనుకుందాం. ఒక గంటలో 30 మి.మీ. వాన కురిసి అందులో సగం జారి వస్తే 1,500 లీటర్లు కందకానికి చేరతాయి. కందకం అర మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉంటే పది మీటర్ల పొడవు దానికి సరిగ్గా సరిపోతుంది. తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా పెట్టుకుని, అడుగు మట్టిని దిగువ వైపు గట్టుగా పోసి తొక్కి, ఆ మీద పైమట్టిని పరచాలి. అడుగు భాగాన్ని పొడవునా మట్టం చూసి సమం చేయాలి కాని తొక్కకూడదు. నీరు దిగాల్సిన చోటును పలుగుతో పొడిచి గుల్లగా వదిలేయాలి.

అందరూ మరచిపోయేది అలుగు. మీ లెక్కను మించిన వాన ఎప్పుడో ఒకసారి వచ్చే తీరుతుంది, ఆ రోజున నీరు ఎక్కడ నుంచి దాటాలో మీరే నిర్ణయించకపోతే అది గట్టులోని బలహీనమైన చోటును తానే ఎంచుకుంటుంది. గట్టు శిఖరం కన్నా ఒక జానెడు తగ్గించి, వెడల్పుగా, సమంగా, అడుగునా దిగువనా రాళ్లు పరచిన దారిని వదలాలి. ఇరుకైన అలుగు నేలను కోస్తుంది, వెడల్పైన అలుగు మీదుగా నీరు పలచగా జారుతుంది. దాటిన నీరు కింది కందకానికో, చెట్ల పాదుల్లోకో చేరేలా ఏర్పాటు చేస్తే ఒకే నీరు రెండు మూడు చోట్ల ఆగుతుంది.

కొన్ని చోట్ల కందకం తవ్వకూడదు. ఇంటి పునాదికి కనీసం మూడు నాలుగు మీటర్ల దూరం వదలాలి, మురుగు గుంత ఎగువనా, నిలుపు గోడల వెనకా నీటిని ఇంకించకూడదు. నూరు మీటర్లకు పదిహేను మీటర్లకు మించి వాలు ఉన్న చోట, ముఖ్యంగా పలచటి మట్టి కింద బండ ఉంటే, నీటితో బరువెక్కిన మట్టి మొత్తంగా జారిపోయే ప్రమాదం ఉంది. అక్కడ ప్రతి మొక్కకూ ఎగువ వైపు తెరిచి ఉండే అర్ధచంద్రాకారపు చిన్న కట్ట వేయడమే క్షేమం. పూర్తిగా చదునైన స్థలంలో కాంటూరు కందకంతో పనే లేదు. చూరు నీటినీ దారి నీటినీ లోతు తక్కువ కాలువల గుండా తెచ్చి పల్లపు మడుల్లోకి వదిలితే చాలు.

పల్లపు మడుల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. తోటపని అనగానే ఎత్తు మడులు కట్టమనే సలహా ఎక్కువగా వినిపిస్తుంది. తడి ఎక్కువైన చోట అది మంచి సలహానే, కాని ఎత్తు మడికి నాలుగు పక్కల నుంచీ గాలి తగిలి త్వరగా ఆరిపోతుంది. పొడి వేసవి ఉన్న చోట నేల మట్టం కన్నా జానెడు లోతుగా దింపి, చుట్టూ చిన్న గట్టు పెట్టిన మడి ప్రతి చినుకునూ మొక్క కాళ్ల దగ్గరే ఆపుతుంది. పశ్చిమాఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో గట్టిబడి పనికిరాకుండా పోయిన నేలల్లో రైతులు తవ్వే జాయ్ గుంతలు ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. జానెడో అంతకు కొంచెం ఎక్కువో వెడల్పున్న గుంతలో ఎరువు వేసి వానకు ముందే సిద్ధంగా ఉంచితే, చుట్టుపక్కల జారిన నీరంతా గింజ వేసిన చోటికే వస్తుంది. ఆ పద్ధతిని మెరుగుపరచి విస్తరించిన యాకూబా సవాడోగో అనే రైతుకు 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం లభించింది.

ఎక్కడ నీరు నిలిపినా అది ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడానికి వారం పది రోజులు చాలు కనుక, అంతకాలం నీరు నిలిస్తే కందకం లోతు తగ్గించో, అడుగును మరింత గుల్ల చేసో సరిదిద్దుకోవాలి.

ఆరో అడుగు: నేల నోరు తెరవడం

కందకాలు నీటిని ఆపుతాయి, కాని మడుల్లోని నేల పైన గట్టి పొర కట్టి ఉంటే ఆగిన నీరు కూడా ఎండకు ఆవిరవుతుంది. వాన చినుకు బట్టబయలు నేలను కొట్టినప్పుడు మట్టి రేణువులు చెదిరి రంధ్రాలను పూడుస్తాయి, ఆరాక అదే పెంకులా బిగుస్తుంది. దీనికి మందు సేంద్రియ పదార్థం. చివికిన కంపోస్టును ఏటా రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, పై పొరలో కలిపితే వానపాములు మిగిలిన పని చేస్తాయి. సేంద్రియ పదార్థం వల్ల నేలలో నీటి నిల్వ అద్భుతంగా పెరిగిపోతుందని చెప్పే మాటలను నేను సగమే నమ్ముతాను. నిల్వ కొంత పెరిగే మాట నిజమే, ఇసుక నేలలో అది బాగానే కనిపిస్తుంది కూడా. కాని దాని అసలు మేలు పై పొర తెరుచుకుని ఉండటంలో, అంటే నీరు లోపలికి దిగడంలో ఉంది.

నడక వల్ల బిగిసిన చోట పలుగునో పంగల కర్రనో జానెడున్నర లోతుకు దింపి, వెనక్కి కొద్దిగా వంచి, మట్టిని తిరగేయకుండా సడలించాలి. ఈ పనికి నేల సగం పదునులో ఉండాలి. తడి బంకమట్టిని కదిపితే గడ్డలు కట్టి ముందున్న స్థితి కన్నా అధ్వానమవుతుంది. నడిచే దారులనూ మడులనూ శాశ్వతంగా వేరుచేసుకుంటే ఏటా ఈ శ్రమ ఉండదు.

వానకాలంలో ఖాళీ మడుల్లో పచ్చిరొట్ట చల్లడం మంచిదే. వేళ్లు నేలను గుల్ల చేస్తాయి, ఆకులు చినుకు దెబ్బను కాస్తాయి. అయితే దాన్ని వానలు ముగియడానికి మూడు నాలుగు వారాల ముందే కోసి అక్కడే పరచాలి. ఆలస్యం చేస్తే, మీరు వేసవి కోసం దాచిన నీటిని పచ్చిరొట్టే తాగి కూర్చుంటుంది.

ఏడో అడుగు: ట్యాంకు, దాని పరిమితులు

ట్యాంకు నీరు నారుకూ, కొత్తగా నాటిన మొక్కలకూ, అత్యవసరానికీ. కొన్ని ప్రాంతాల్లో వాన నీటి సేకరణ మీద నియమాలు ఉంటాయి కాబట్టి వాటిని ముందే తెలుసుకోవాలి. తినే మొక్కలకు వాడేటట్టయితే సీసం కలిసిన రంగులున్న కప్పుల నుంచీ, శిథిలమవుతున్న ఆస్బెస్టాస్ రేకుల నుంచీ నీరు పట్టకూడదు. వాన తొలి నిమిషాల్లో కప్పు మీది దుమ్మూ రెట్టలూ కొట్టుకొస్తాయి గనుక, నూరు చదరపు మీటర్ల కప్పుకు కనీసం 100 లీటర్ల తొలి నీటిని పక్క గొట్టంలోకి మళ్లించి వదిలేయాలి. వెలుతురు చొరబడే ట్యాంకులో నాచు పెరుగుతుంది, కాబట్టి ముదురు రంగుదే తీసుకోవాలి. తెరిచి ఉన్న ప్రతి మార్గానికీ దోమ దూరలేని సన్నని జాలీ బిగించాలి. వెయ్యి లీటర్ల నీరు ఒక టన్ను బరువుంటుంది, ఆ బరువుకు తగిన దిమ్మె వేయకుండా ట్యాంకు నింపడం ప్రమాదం. పొర్లి పోయే గొట్టం లోపలికి వచ్చే గొట్టమంత లావుగానే ఉండాలి, అది మీ మొదటి కందకం వైపే తిరిగి ఉండాలి.

నీటిమట్టం మీటరు ఎత్తులో ఉంటే వచ్చే పీడనం 0.1 బార్ మాత్రమే. మామూలు డ్రిప్ పరికరాలకు సుమారు 1 బార్ అవసరం కనుక, మోటారు లేకుండా ట్యాంకు కింద వాటిని బిగిస్తే మొదటి మొక్కకు ధార, చివరి మొక్కకు ఏమీ ఉండదు. తక్కువ పీడనానికి తయారైన గొట్టాలో, చేతిడబ్బానో వాడుకోవాలి.

ఎనిమిదో అడుగు: నేలను కప్పడం

ఈ మొత్తం పనిలో ఎప్పుడు చేస్తున్నామన్నది ఫలితాన్ని నిర్ణయించే ఘట్టం ఇదే. ఎండిన నేల మీద మందంగా గడ్డి కప్పితే, ఆ తరువాత పడే చిన్నపాటి జల్లులను గడ్డే తాగేస్తుంది, కింది మట్టికి చెమ్మ కూడా తగలదు. కాబట్టి ఆఖరి మంచివాన పడి నేల లోతుగా నానిన తరువాతే కప్పాలి. తేమ ఎంత లోతుకు దిగిందో చూడటానికి సన్నని ఇనుప చువ్వను గుచ్చితే చాలు. తడి మట్టిలో అది తేలికగా దిగుతుంది, పొడి మట్టి రాగానే ఆగిపోతుంది.

కప్పే ముందు కలుపు అంతా తీయాలి. ఒక్కో కలుపు మొక్క నేల లోపలి నుంచి నీటిని తోడి గాలిలోకి వదిలే చిన్న పంపు, దానిముందు ఉపరితలం నుంచి నేరుగా ఆవిరయ్యే నీరు తక్కువే అనిపించే రోజులుంటాయి. తరువాత ఎండుగడ్డి, ఎండుటాకులు, చెక్క ముక్కలు, ఏది దొరికితే దాన్ని 7 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచాలి. మొక్క కాండం చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలకపోతే కాండం కుళ్లుతుంది. చెక్క ముక్కలను మట్టిలో కలిపితే కుళ్లే క్రమంలో నత్రజనిని లాగుకుంటాయి, పైన ఉంచితే ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. నల్ల ప్లాస్టిక్ తేమను బాగానే ఆపుతుంది, కాని వచ్చే వానను కూడా ఆపుతుంది. అందుకే నేను దాని జోలికి పోను.

కప్పడానికి ఏమీ దొరకనివారు పైమట్టినే కప్పుగా మార్చుకోవచ్చు. ప్రతి తడి తరువాత, నేల పైపైన ఆరగానే, రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు దోకితే కింది తేమ పైకి ఎక్కే సన్నని దారులు తెగిపోతాయి. గాలికి ఎదురుగా కంచె మొక్కల వరుస ఉంటే దాని ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గాలి వేగం తగ్గుతుంది, అయితే ఆ వరుస వేళ్లు మడి నీటిని పంచుకోకుండా తగినంత ఎడం పాటించాలి.

తొమ్మిదో అడుగు: నీటికి తగ్గట్టు నాటడం

నేలలోని నిల్వ ఒక్కటే, తాగేవారు ఎందరన్నది మన చేతిలో ఉంది. మామూలుగా 60 సెంటీమీటర్లకు ఒకటి నాటే టమాటాను వేసవి తోటలో 120 సెంటీమీటర్లకు ఒకటి నాటితే ఒక్కో మొక్కకు నాలుగు రెట్ల నేల దక్కుతుంది. మొత్తం దిగుబడి తగ్గుతుంది, కాని ప్రతి మొక్కా కాపు దాకా నిలుస్తుంది. లోతుకు వేరు తన్నే టమాటా, గుమ్మడి, పుచ్చ, అలసంద వంటివి ఈ పద్ధతికి తగినవి. ఉల్లి, పాలకూర వంటి పైవేరు పంటలను ట్యాంకు నీరు అందే చిన్న మడికే పరిమితం చేయాలి. వీలైనచోట నారు కన్నా నేరుగా విత్తడం మేలు, ఎందుకంటే కదలని తల్లివేరు తేమ వెంట లోతుకు సాగుతుంది.

నేలలో తేమ ఉండగానే, అంటే వానలు ఆగీ ఆగకముందే విత్తాలి. పై నేల ఎండకముందే వేరు కింది పదునును అందుకోవాలి, ఆ పరుగు పందెంలో వారం ఆలస్యమైనా మొక్క ఓడిపోతుంది. మండుటెండల్లో లేత మొక్కలకు 30 నుంచి 50 శాతం నీడనిచ్చే వలను పడమటి వైపు కడితే వాడిపోవడం తగ్గుతుంది.

పదో అడుగు: వేసవిలో నీరు పెట్టడం

రోజూ కాస్త కాస్త చల్లే నీరు పైన నాలుగు వేళ్ల మట్టినే తడుపుతుంది, వేళ్లు కూడా అక్కడే తిరుగుతాయి, ఒక్క రోజు తప్పినా మొక్క వాలిపోతుంది. దాని బదులు వారానికో పది రోజులకో ఒకసారి, తెల్లవారుజామున, పాదు నిండేలా నిదానంగా పోసి ఇంకనివ్వాలి. మెరుగు పూయని మట్టికుండను మెడ దాకా పాతి, నీరు పోసి మూత పెట్టడం ఇంకా పొదుపైన పద్ధతి, రెండు వేల ఏళ్ల నాటి చైనా వ్యవసాయ రచనల్లోనే దీని ప్రస్తావన ఉంది. కుండ గోడల నుంచి మట్టి ఎండిన కొద్దీ నీరు ఊరుతుంది, మట్టి తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. కుండకు జానెడున్నర దూరంలోపు మూడు నాలుగు మొక్కలు నాటుకుంటే సరిపోతుంది. నీటిలో లవణాలు ఎక్కువుంటే కుండ రంధ్రాలు క్రమంగా పూడుకుపోతాయి, వాన నీటితో ఆ బెడద తక్కువ.

మధ్యాహ్నం ఆకులు వాలడం చూసి పరుగెత్తి నీరు పోయకండి. సాయంత్రానికి తేరుకుంటే మొక్కకు నీటి కొరత లేదు, ఎండకు తాళలేక ఆకు ముడుచుకుంది అంతే. ఉదయం కూడా వాలి ఉంటే అప్పుడు జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడాలి. ముద్దయి నిలిస్తే ఇంకా తేమ ఉంది, వేళ్ల సందుల్లోంచి పొడిగా రాలిపోతే ఆ పూటే తడి పెట్టాలి. నీరు ఇక చాలదని తెలిసిన రోజున అన్ని మొక్కలకూ కొద్దికొద్దిగా పంచడం కన్నా, కాపు మీదున్న వాటిని ఎంచుకుని మిగిలిన వాటిని మొదలంటా కోసి, ఆ ఆకులనే బతికిన వాటి పాదుల్లో పరచడం మంచిది.

వేసవి చివర, తొలకరికి ముందు, కందకాల్లో చేరిన ఒండ్రునూ కుళ్లిన ఆకునూ పారతో ఎత్తి మడుల్లో వేసి, గట్లు కుంగిన చోట పూడ్చి, అలుగు రాళ్లు కదిలాయేమో చూసి, మట్టం చట్రంతో కందకం అడుగును మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.